క్లాసిక్ కారుకు ఆల్టర్నేటర్ ఎంపిక: ఆంపియర్ల సంఖ్య చెప్పని సంగతులు

క్లాసిక్ కారుకు ఆల్టర్నేటర్ (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు తయారుచేసే యూనిట్) మార్చవలసి వచ్చినప్పుడు చాలామంది మొదట చూసేది దాని మీద రాసి ఉన్న ఆంపియర్ల సంఖ్యనే. 35 ఉన్న చోట 90 వస్తుందంటే మేలే కదా అనిపిస్తుంది. అయితే ఆ సంఖ్య ఆల్టర్నేటర్ మంచి వేగంతో తిరుగుతున్నప్పుడు ఇవ్వగల కరెంటును మాత్రమే తెలుపుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు వెలుగుతూ, కారు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఎంత ఇస్తుందో, యాభై ఏళ్ల నాటి వైర్లు ఆ కరెంటును ఎంతవరకు మోయగలవో, ఇంజిన్ పక్కనున్న కొద్దిపాటి చోటులో ఆ యూనిట్ పడుతుందో పట్టదో అది చెప్పదు. పాత కారుకు తగిన ఆల్టర్నేటర్ ఏదో తేలేది ఈ మూడు విషయాల దగ్గరే కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టే ముందు వీటిని ఓపికగా చూసుకోవాలి.

లోపం నిజంగా ఆల్టర్నేటర్‌లోనే ఉందా?

బ్యాటరీ తరచుగా దిగిపోతున్నంత మాత్రాన ఆల్టర్నేటర్ పాడయిందని నిర్ణయించకూడదు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక మల్టీమీటర్‌తో కొలిస్తే, పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్‌ను నిమిషానికి 2000 చుట్ల వేగంతో నడిపినప్పుడు అవే టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు కనిపించాలి. అంతకంటే తక్కువ కనిపిస్తే, హెడ్‌లైట్లు వేసి ఉంచి, మీటరు తీగలలో ఒకదాన్ని ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు టెర్మినల్‌కు, రెండవదాన్ని బ్యాటరీలో ఎర్త్ (కారు బాడీకి కలిపి ఉన్నది) కాని టెర్మినల్‌కు తాకించి కొలవాలి. అక్కడ అర వోల్టుకు మించి తేడా ఉంటే తప్పు ఆల్టర్నేటర్‌ది కాదు, మధ్యలో ఉన్న వైరుదో, తుప్పు పట్టిన జాయింటుదో అని తెలుసుకోవాలి. ఆల్టర్నేటర్ బాడీకీ, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య కూడా ఇదే విధంగా కొలిచి చూడాలి, అక్కడ 0.2 వోల్టులకు మించకూడదు. కొత్తగా రంగు వేయించిన పాత కార్లలో, ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీని పెయింటు గీకకుండానే దాని మీద బిగించి వదిలేయడం వల్ల ఎంతోమంది అనవసరంగా ఆల్టర్నేటర్లు మార్చుకున్నారు.

పగలంతా చార్జింగ్ సరిగ్గానే ఉండి, రాత్రి తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే లోపలి డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఒకటి కరెంటును వెనక్కి వదులుతూ ఉండవచ్చు. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే అర వోల్టుకు మించి ఏసీ కనబడడం డయోడ్ పాడయిందనడానికి గట్టి సూచన. బ్రష్‌లు అరిగిపోవడం, బేరింగ్ శబ్దం చేయడం, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడవడం, డయోడ్లు కాలిపోవడం అన్నీ బాగుచేయగల లోపాలే. కారుకు పుట్టుకతో వచ్చిన యూనిట్ చేతిలో ఉన్నప్పుడు, స్టేటర్ (లోపల కదలకుండా ఉండే భాగం) తీగచుట్టు కాలిపోనంత వరకు, మార్చడం కంటే బాగుచేయించడమే మంచిదని నా నమ్మకం. దానికోసమే తయారైన బ్రాకెట్, దానికి సరిపడే పుల్లీ, దానికి తగినంత లావు వైరు అప్పటికే కారులో ఉన్నాయి. వేరే యూనిట్ తెచ్చిన రోజున వీటన్నిటినీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి వస్తుంది.

ఎంత కరెంటు కావాలో లెక్క వేసుకోవడం

మార్చక తప్పదని తేలాక మొదట చేయవలసింది ఒక కాగితం తీసుకుని కారులో కరెంటు వాడే ప్రతి వస్తువునూ రాయడం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఉదాహరణకు 55 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్లు రెండు కలిసి దాదాపు 8 నుంచి 9 ఆంపియర్లు తీసుకుంటాయి. పార్కింగ్ లైట్లు, టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు దీపం, డ్యాష్‌బోర్డు దీపాలు కలిపి 3. ఇగ్నిషన్ కాయిల్ 4. వైపర్ మోటారు 4. హీటర్ ఫ్యాన్ 6. అన్నీ ఒకేసారి వాడితే మొత్తం 26 ఆంపియర్ల వరకు అవుతుంది. ఎన్నో బ్రిటిష్ కార్లలో వచ్చిన లూకాస్ సీ40 డైనమో (ఆల్టర్నేటర్‌కు ముందు కార్లలో కరెంటు తయారుచేసిన యంత్రం) అత్యధికంగా ఇవ్వగలిగింది 22 ఆంపియర్లే కాబట్టి, వర్షపు రాత్రులలో ఆ కార్ల బ్యాటరీ ఎందుకు నీరసించేదో ఈ లెక్కే చెబుతుంది. ఈ 26కు వెనుక అద్దాన్ని వేడిచేసే తీగల కోసం 10, రేడియేటర్ ముందు అమర్చిన ఎలక్ట్రిక్ ఫ్యాన్ కోసం 12 కలిపితే 48 అవుతుంది. బ్యాటరీని తిరిగి నింపడానికి మరి కొంత మిగలాలి కాబట్టి, వచ్చిన మొత్తానికి నాలుగో వంతు చేర్చుకుంటే చాలు. 26 ఆంపియర్లు వాడే కారుకు 35 ఆంపియర్ల యూనిట్ హాయిగా సరిపోతుంది, 48 వాడేదానికి 60 కావాలి. ఏ అదనపు పరికరమూ లేని క్లాసిక్ కారుకు 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ అవసరమైన సందర్భం నాకింతవరకు ఎదురుకాలేదు.

ఇక్కడ అసలు మెలిక ఉంది. లేబుల్ మీది సంఖ్య సాధారణంగా ఆల్టర్నేటర్ షాఫ్టు నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పటి లెక్క. బాష్ వంటి కొందరు తయారీదారులు ఎన్నో యూనిట్ల మీద రెండు సంఖ్యలు ముద్రించారు: 14 వోల్టులు, 45/80 ఆంపియర్లు అని ఉంటే, మొదటిది దాదాపు ఐడ్లింగ్‌కు (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడవడానికి) సరిపోయే తక్కువ వేగంలో వచ్చే కరెంటు, రెండవది 6000 చుట్ల దగ్గర వచ్చేది. కొనుగోలుదారుకు ఎక్కువగా పనికివచ్చేది ఆ మొదటి సంఖ్యే. ఒకే సంఖ్య ఉన్న యూనిట్ విషయంలో అమ్మేవారిని ఏ వేగానికి ఎంత కరెంటు వస్తుందో చూపే గ్రాఫు అడగాలి. తక్కువ వేగంలో 20 ఆంపియర్లు ఇచ్చే 55 ఆంపియర్ల యూనిట్, అదే వేగంలో 12 మాత్రమే ఇచ్చే 75 ఆంపియర్ల యూనిట్ కంటే ఊరి రద్దీలో తిరిగే పాత కారుకు ఎంతో మేలు చేస్తుంది.

ఆ తక్కువ వేగం ఎంతో నిర్ణయించేది పుల్లీల నిష్పత్తి. బెల్టును తిప్పే ఇంజిన్ పుల్లీ, అంటే క్రాంక్ పుల్లీ, వ్యాసం 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటర్ పుల్లీ వ్యాసం 75 మిల్లీమీటర్లు అయితే ఇంజిన్ ఒక చుట్టుకు ఆల్టర్నేటర్ రెండు చుట్లు తిరుగుతుంది. 800 చుట్ల ఐడ్లింగ్‌లో దానికి 1600 వస్తాయి. పాత డైనమోలు ఎక్కువ వేగానికి తట్టుకోలేవు కాబట్టి వాటికి పెద్ద పుల్లీ ఉండేది. ఆ పుల్లీనే విప్పి ఆల్టర్నేటర్‌కు తగిలిస్తే అది నెమ్మదిగా తిరిగి, ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. అలాగని మరీ చిన్న పుల్లీ పెట్టినా ఇబ్బందే: బెల్టు దాని చుట్టూ పట్టు దొరకక జారుతుంది, ఇంజిన్ అత్యధిక వేగంలో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ దాని హద్దును దాటవచ్చు. ఇంజిన్ గరిష్ఠ వేగాన్ని నిష్పత్తితో గుణించి, ఆ యూనిట్‌కు తయారీదారు చెప్పిన హద్దులోపల ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

డైనమో ఉన్న కారుకు ఆల్టర్నేటర్

క్రైస్లర్ సంస్థ 1960 మోడల్ వాలియంట్‌లో ఆల్టర్నేటర్ అమర్చింది. జనరల్ మోటార్స్ 1963లో ఆ దారి పట్టింది. ఎంజీబీ వంటి బ్రిటిష్ కార్లు 1967 చివరి వరకు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1973 ప్రాంతం వరకు డైనమోతోనే వచ్చాయి. మీ కారు అంతకుముందుదయితే కొత్త యూనిట్ ఎంచుకోవడానికి ముందు ఎర్త్ ఏ వైపు ఉందో చూడాలి. అప్పటి ఎన్నో బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బాడీకి కలిపి ఉండేది. మామూలుగా దొరికే ఆల్టర్నేటర్లన్నీ నెగటివ్ ఎర్త్ కోసం తయారైనవే; పొరపాటున తలకిందులుగా కలిపితే డయోడ్లు క్షణాల్లో కాలిపోతాయి. పాజిటివ్ ఎర్త్ కోసమే తయారుచేసిన యూనిట్లు కొన్ని దొరుకుతాయి, లేదా కారు మొత్తాన్ని నెగటివ్ ఎర్త్‌కు మార్చుకోవచ్చు. మార్చేవారు బ్యాటరీ కేబుళ్లతో ఆగిపోకూడదు: ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు వైర్లను అటూ ఇటూ మార్చాలి, అమ్మీటర్ (కరెంటును చూపే మీటరు) వైర్లను కూడా మార్చాలి, ఎలక్ట్రానిక్ టాకోమీటర్ (ఇంజిన్ వేగాన్ని చూపే మీటరు), గడియారం, రేడియో వంటివాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాలి. శాశ్వత అయస్కాంతం ఉన్న చిన్న మోటార్లు వెనక్కి తిరుగుతాయి కాబట్టి వాటి వైర్లనూ చూడాలి.

డైనమో కేవలం కరెంటు కోసమే కాక మరేదైనా పని కూడా చేస్తున్నదేమో గమనించడం ముఖ్యం. ఎంజీ టీడీ కారులో టాకోమీటర్ డైనమో వెనుక భాగం నుంచి నడుస్తుంది; బీటిల్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే పెద్ద ఫ్యాన్ డైనమో షాఫ్టు మీదే కూర్చుంటుంది. ఇటువంటి కార్లకు ఆ పని కూడా చేయగలిగేలా ప్రత్యేకంగా తయారైన యూనిట్ తప్ప మరేదీ పనికిరాదు. బయటికి అచ్చం డైనమోలాగే కనబడుతూ లోపల ఆల్టర్నేటర్ ఉండే యూనిట్లు కూడా వస్తున్నాయి. ధర ఎక్కువే అయినా, కారు అసలు రూపాన్ని మనసారా కాపాడుకోవాలనుకునేవారికి అంతకు మించిన మార్గం లేదు.

డైనమో కరెంటును అదుపుచేయడానికి దానికి తోడుగా ఉన్న కంట్రోల్ బాక్సు ఆల్టర్నేటర్‌కు అవసరం లేదు. దాన్ని విప్పి పారేయకుండా అదే చోట ఉంచి, వైర్లు కలిపే పలకగా మాత్రమే వాడుకుంటే చూపుకు మార్పేమీ తెలియదు. అయితే లోపలి చుట్ల గుండా కరెంటు ఏ మాత్రం పోకుండా వాటిని పూర్తిగా వేరుచేశామని మీటరుతో నిర్ధారించుకోవాలి.

ఏ రకం యూనిట్?

1960ల నాటి ఆల్టర్నేటర్లలో చాలావాటికి రెగ్యులేటర్ విడిగా, ఇంజిన్ గదిలో వేరే చోట ఉండేది. లూకాస్ 10ఏసీ, 11ఏసీ, డెల్కో 10డీఎన్ అటువంటివి. తరువాత వచ్చిన లూకాస్ 16ఏసీఆర్, 18ఏసీఆర్, డెల్కో 10ఎస్‌ఐ వంటివాటిలో రెగ్యులేటర్ లోపలే ఇమిడి ఉంటుంది. అసలుతనం చూసే ప్రదర్శనలకు కారును తీసుకువెళ్లాలనుకుంటే విడి రెగ్యులేటర్‌నే కొనసాగించాలి. రోజూ నడపడానికయితే లోపలి రెగ్యులేటర్ ఉన్నదే నిశ్చింత. మరీ ఇటీవలి కార్ల ఆల్టర్నేటర్లు చవకగా దొరుకుతున్నాయని ఆశపడకూడదు. వాటిలో చాలావాటిని కారులోని కంప్యూటరు ఆదేశాలతో నడపాలి కాబట్టి, ఆ కంప్యూటరు లేని పాత కారులో అవి సరిగ్గా పనిచేయవు.

ఒకే వైరుతో పనిచేసే యూనిట్ల గురించి ఇక్కడ కొంత ఆగి చెప్పాలి. లావు వైరు ఒక్కటి కలిపితే చాలునన్న సులువు వల్ల వాటికి గిరాకీ ఎక్కువ. కానీ వాటికి డ్యాష్‌బోర్డు మీది చార్జింగ్ దీపం నుంచి తొలి కరెంటు అందదు; లోపల తిరిగే భాగమైన రోటర్‌లో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంత శక్తితోనే అవి మేలుకోవాలి. అందువల్ల ఇంజిన్ స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ ఒకసారి గట్టిగా నొక్కే వరకు చార్జింగ్ మొదలు కాదు. బెల్టు తెగినా, లోపల ఏదైనా పాడైనా హెచ్చరించడానికి దీపం కూడా ఉండదు. అంతేకాక ఆ రెగ్యులేటర్ తన సొంత టెర్మినల్ దగ్గరి వోల్టేజీనే చూసుకుని తృప్తిపడుతుంది. పాత వైరింగ్‌లో దారి పొడవునా పోగొట్టుకున్న వోల్టు దాని లెక్కలోకి రాదు. మూడు వైర్ల డెల్కో 10ఎస్‌ఐలో రెండవ చిన్న టెర్మినల్‌ను కారులో కరెంటు పంపిణీ అయ్యే జంక్షన్‌కు కలిపితే, అక్కడ వోల్టేజీ ఎంత ఉందో చూసి ఉత్పత్తిని సరిదిద్దుతుంది. రెండు వైర్లు అదనంగా లాగే శ్రమకు ఓర్చుకోమని నేను అడిగినవారందరికీ చెబుతాను.

చార్జింగ్ దీపం విషయంలో మరొక జాగ్రత్త ఉంది. ఆ బల్బు హెచ్చరిక కోసమే కాదు, ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కావలసిన తొలి కరెంటు దాని గుండానే వెళుతుంది. సాధారణంగా అక్కడ 2.2 వాట్ల బల్బు ఉంటుంది. దాన్ని తీసి ఎల్‌ఈడీ పెడితే చాలినంత కరెంటు అందక చార్జింగ్ మొదలవదు. ఎల్‌ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కలపాలి.

చోటు, బెల్టు, వైర్లు

డైనమో పొడవుగా సన్నగా ఉంటుంది, ఆల్టర్నేటర్ పొట్టిగా లావుగా ఉంటుంది. అందుకే కొనే ముందు పాతదాన్ని విప్పి, బిగించే చెవుల మధ్య దూరం, బోల్టు లావు, చెవి నుంచి పుల్లీ గాడి మధ్య వరకు ఉన్న దూరం కొలిచి రాసుకోవాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఇంజిన్ మౌంటింగ్, బానెట్ ఏవీ తగలకుండా ఎంత వ్యాసం పడుతుందో అట్టముక్క కత్తిరించి చూసుకోవచ్చు. ఇంజిన్ కదిలినప్పుడు తగలకుండా చుట్టూ కనీసం ఒక వేలెడు ఖాళీ ఉండాలి. ఎగ్జాస్ట్ పక్కనే కూర్చునే యూనిట్‌కు మధ్యలో రేకు అడ్డం పెట్టకపోతే డయోడ్లు వేడికి త్వరగా పోతాయి. ఎక్కువ ఆల్టర్నేటర్లు ఏ దిశలో తిరిగినా కరెంటు ఇస్తాయి గానీ, ఫ్యాన్ రెక్కలు ఒక దిశకే వంచి ఉంటే తప్పు దిశలో గాలి సరిగ్గా లాగలేవు. కాబట్టి ఇంజిన్ తిరిగే వైపును చూసుకుని ఫ్యాన్ ఎంచుకోవాలి.

బెల్టు కూడా ఒక హద్దు గీస్తుంది. 60 ఆంపియర్లను 14 వోల్టుల దగ్గర ఇవ్వడమంటే 840 వాట్లు; ఆల్టర్నేటర్‌లో పోయే వేడిని కలిపితే ఇంజిన్ నుంచి దాదాపు రెండు హార్స్‌పవర్‌ల శక్తిని ఆ ఒక్క వీ బెల్టే లాగాలి. అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంటే, అంతకు మించి అడగడం సాహసమే. పెద్ద యూనిట్ పెట్టినవారు జారుతున్న బెల్టును ఆపడానికి మరింత బిగిస్తారు. దాంతో ముందుగా అరిగిపోయేది వాటర్ పంపు బేరింగ్.

ఇక వైర్ల సంగతి. డైనమో కాలంనాటి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు మీటర్ల పొడవున 60 ఆంపియర్లు మోయవలసి వస్తే అందులోనే అర వోల్టు పోతుంది, పైగా వైరు వేడెక్కుతుంది. అదే పొడవుకు 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.2 వోల్టులకు తగ్గుతుంది. పాత వైరును కత్తిరించకుండా, ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ సోలినాయిడ్‌లో (స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌లో) బ్యాటరీ కేబుల్ ఉండే బోల్టుకు నేరుగా కొత్త లావు వైరు ఒకటి, తగిన ఫ్యూజుతో సహా, లాగడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. అమ్మీటర్ ఉన్న కార్లలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే చార్జింగ్ కరెంటంతా దాని గుండానే వెళుతుంది. నేను ఒకప్పుడు 30 ఆంపియర్ల అమ్మీటర్ ఉన్న కారుకు 65 ఆంపియర్ల యూనిట్ బిగించి, బ్యాటరీ బాగా దిగిపోయి ఉన్న రోజున స్టార్ట్ చేశాను. ముల్లు చివరికి వెళ్లి కొట్టుకుంది, కొద్ది నిమిషాలకే డ్యాష్‌బోర్డు వెనుక నుంచి కాలిన వాసన వచ్చింది. మీటరు వెనుక బోల్టు దగ్గర వైరు తొడుగు కరిగిపోయి ఉంది. కొత్త వైరును అమ్మీటర్‌కు సంబంధం లేకుండా లాగి, దాని స్థానంలో వోల్ట్‌మీటర్ పెట్టుకోవడం ఇటువంటి ప్రమాదానికి సరైన విరుగుడు.

కొనేటప్పుడు, బిగించాక

బాగుచేసి అమ్మే యూనిట్ అయితే, దాన్ని యంత్రం మీద తిప్పి పరీక్షించిన ఫలితాలు అడగాలి. చేత్తో తిప్పితే గరగర లేకుండా మెత్తగా తిరగాలి, షాఫ్టు అటూ ఇటూ ఊగకూడదు. డెల్కో యూనిట్ల బాడీ మీద పార్ట్ నంబరు, ఆంపియర్లు, తయారైన తేదీ సంకేతం చెక్కి ఉంటాయి. అసలు సంవత్సరానికి సరిపోయే యూనిట్ కావాలనుకునేవారు పెయింటు కింద దాగిన ఆ అక్షరాలను శ్రద్ధగా చదవాలి.

బిగించే ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పాలి. పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో తిన్ననైన ఇనుప స్కేలు ఆనించి చూడాలి. బెల్టు పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు కుంగేలా బిగించాలి. బిగించడానికి ఆల్టర్నేటర్ వెనుక అంచును గునపంతో ఎత్తితే అల్యూమినియం బాడీ పగులుతుంది, పుల్లీ వైపు అంచునే ఎత్తాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ విప్పి ఆల్టర్నేటర్ పనితనాన్ని పరీక్షించే పాత అలవాటు డైనమో రోజులది. ఆల్టర్నేటర్ ఉన్న కారులో అలా చేస్తే ఒక్కసారిగా పైకెగసే వోల్టేజీ డయోడ్లను, రెగ్యులేటర్‌ను, రేడియోను కలిపి తీసుకుపోతుంది. కారుకు ఎప్పుడైనా వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా ఆల్టర్నేటర్ వైర్లు విప్పి ఉంచాలి.

స్టార్ట్ చేశాక ఏ లోడూ లేకుండా ఒకసారి, హెడ్‌లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాన్ అన్నీ వేసి ఐడ్లింగ్‌లో మరొకసారి బ్యాటరీ దగ్గర వోల్టులు కొలవాలి. రెండవసారి కూడా 13 వోల్టులకు తగ్గకపోతే ఎంపిక సరైనదే. తగ్గితే యూనిట్‌ను తిట్టుకోకుండా ముందు పుల్లీ వ్యాసం వైపు చూడాలి. అరగంట నడిపి, ఇంజిన్ ఆపాక కొత్త వైరు పొడవునా, ప్రతి జాయింటు దగ్గరా చేయి పెట్టి వేడి ఎక్కడైనా ఉందేమో తడిమి చూడాలి. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి, వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూసుకోవాలి. విప్పిన డైనమోను, దాని పుల్లీని, బ్రాకెట్‌ను, బోల్టులతో సహా ఒక పెట్టెలో పెట్టి, ఏ వైరు ఎక్కడ ఉండేదో రాసిన కాగితాన్ని అందులోనే ఉంచండి; ఆ కారు రేపు ఎవరి చేతికి వెళ్లినా, దాన్ని మళ్లీ పుట్టినప్పటి స్థితికి తేవాలనుకునేవారికి ఆ పెట్టె ఎంతో విలువైనది.